గదంతా కరెంటే అయితే, ఒంట్లో యంత్రం ఉన్నవారి మాటేమిటి?

మొన్నామధ్య పామర్రు దగ్గరి పల్లె నుంచి ఒక రిటైర్డు మాస్టారు ఓపీకి వచ్చారు. వయసు డెబ్బై దాటింది. రెండేళ్ల క్రితం పేస్‌మేకర్ అమర్చారు. ఈసారి వచ్చింది గుండె కోసం కాదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని. అసలు సంగతి వెంట వచ్చిన కోడలు చెప్పింది.

‘‘మా మరిది హైదరాబాద్ నుంచి వైరు లేకుండా ఫోను చార్జింగ్ అయ్యే పలక ఒకటి తెచ్చాడండీ. హాల్లో టీవీ పక్కన పెట్టాం. అప్పట్నుంచి మామయ్యగారు హాల్లోకే రావడం లేదు. పడకా, భోజనమూ అన్నీ వసారాలోనే. ఈ దోమల్లో నిద్ర ఎలా పడుతుంది?’’

మాస్టారు ఆమె మాట కాదనలేదు. ‘‘గాల్లోంచి కరెంటు వస్తోందంటే, నా గుండెకు పెట్టిన మిషను ఊరుకుంటుందా డాక్టర్‌గారూ?’’ అని నన్నే అడిగారు.

సరైన ప్రశ్నే. కానీ ఈలోగా నా చూపు ఆయన చొక్కా ఎడమ జేబు మీద పడింది. అందులో ఫోను ఉంది. దానికి అయస్కాంతంతో టక్కున మూసుకునే కవరు ఉంది. పేస్‌మేకర్ ఉన్నది దానికి నాలుగు వేళ్ల పైన. పదడుగుల దూరంలోని పలకకు జడిసి వసారాలో దోమలు కుట్టించుకుంటున్న మనిషి, నాలుగు వేళ్ల దూరంలో అయస్కాంతాన్ని పగలంతా మోసుకు తిరుగుతున్నారు.

ఇది మాస్టారి ఒక్కరి కథ కాదు. వైరు లేని కరెంటు విషయంలో మనలో చాలామందిమి భయపడక్కర్లేని చోట భయపడుతున్నాం, జాగ్రత్త పడాల్సిన చోట ఏమరుపాటుగా ఉంటున్నాం. ఇవాళ పలక రూపంలో వచ్చింది రేపు గది మొత్తానికీ రావచ్చు. అది రాకముందే మనం తెలుసుకోవాల్సినవి, తయారీదారులనూ ప్రభుత్వాన్నీ అడగాల్సినవి కొన్ని ఉన్నాయి.

వంటింట్లోకి ఎప్పుడో వచ్చింది

వైరు లేని కరెంటు కొత్త వింత కాదు. 1831లోనే మైకేల్ ఫారడే దీని మూలసూత్రం కనిపెట్టాడు. ఒక తీగచుట్టలో కరెంటు మారుతూ ఉంటే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం కూడా మారుతూ ఉంటుంది. ఆ క్షేత్రంలో ఇంకో తీగచుట్ట ఉంచితే అందులో కరెంటు పుడుతుంది. రెండు చుట్టల మధ్య తీగ అక్కర్లేదు.

మీ వంటింట్లో ఇండక్షన్ పొయ్యి ఉంటే, ఈ సూత్రం మీ ఇంట్లో రోజూ పనిచేస్తున్నట్లే. గాజు పలక కింద తీగచుట్ట ఉంటుంది. పైన పెట్టిన గిన్నె అడుగే రెండో చుట్టలా పనిచేసి వేడెక్కుతుంది. అందుకే దానిమీద మట్టికుండ పెడితే వేడెక్కదు. ఫోను చార్జింగ్ పలకదీ అదే పని, శక్తి మాత్రం చాలా తక్కువ. పలక మీద ఫోను కాస్త పక్కకు జరిగితే చార్జింగ్ ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. ఆ క్షేత్రం ఎంత దగ్గరకే పరిమితమో దాన్నిబట్టే తెలుస్తుంది. చిన్న చుట్ట నుంచి దూరం జరిగేకొద్దీ క్షేత్రం చాలా వేగంగా పడిపోతుంది. కొంత దూరం దాటాక, ఆ దూరం రెట్టింపైతే బలం ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. కాబట్టి హాల్లో టీవీ పక్కనున్న పలక వల్ల మాస్టారికి ముప్పు లేదు. ఆయన నిశ్చింతగా హాల్లో పడుకోవచ్చు.

గదే చార్జర్ అయితే...

పలక మీద ఫోను పెట్టడం కూడా ఎందుకు, గదిలోకి వస్తే చాలు అన్నీ వాటంతటవే చార్జి అయిపోవాలన్నది శాస్త్రవేత్తల ఆశ. 2007లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు రెండు మీటర్ల దూరంలోని 60 వాట్ల బల్బును తీగ లేకుండా వెలిగించారు. పంపిన శక్తిలో సుమారు 40 శాతం బల్బుకు చేరింది. 2017లో డిస్నీ పరిశోధన విభాగం వారు ఏకంగా ఒక గదినే కట్టారు. 16 అడుగుల పొడవు, దాదాపు అంతే వెడల్పు, అల్యూమినియం గోడలు, మధ్యలో రాగి స్తంభం. అందులో ఫోన్లు, దీపాలు, ఫ్యాను వైర్లు లేకుండానే పనిచేశాయి. 2021లో టోక్యో, మిషిగన్ విశ్వవిద్యాలయాల వారు మూడు మీటర్ల గదిలో ఏ మూలనున్న పరికరానికైనా 50 వాట్ల వరకు అందేలా చేసి చూపించారు. గోడల్లో లోహపు పలకలు, వాటి మధ్య కెపాసిటర్లు పెట్టారు. హానికరమైన విద్యుత్ క్షేత్రం చాలావరకు ఆ కెపాసిటర్లలోనే ఉండిపోతుంది. గదిలో పరుచుకునేది అయస్కాంత క్షేత్రం.

ఇవన్నీ ప్రయోగశాల గదులే. గోడలకు లోహం తొడిగిన ఇల్లు మన గవర్నర్‌పేటలోనో, పటమటలోనో రేపే వెలుస్తుందని కాదు. పైగా ఖర్చు సంగతి ఒకటి ఉంది. 2021 నాటి గదిలో కొన్నిచోట్ల పంపిన శక్తిలో 37 శాతమే పరికరానికి చేరింది. ఇబ్రహీంపట్నంలో బొగ్గు కాల్చి తీసిన కరెంటులో సగానికి పైగా దారిలోనే పోతే బిల్లు కట్టేది మనమే. అయినా ఈ దారిలో పని ఆగదు. సెల్‌ఫోనును కూడా ఒకప్పుడు మనకెందుకులే అనుకున్నాం.

ఆ ప్రమాణాలు ఎవరి కోసం?

‘ఈ క్షేత్రం ఒంటికి మంచిదేనా?’ అని నన్ను అడిగేవారు చాలామంది. నిజం నిజంగానే చెప్పాలి. ఈ అయస్కాంత క్షేత్రాలు ఎక్స్‌రేల లాంటివి కావు. కణంలోని డీఎన్‌ఏను తెగ్గొట్టేంత శక్తి వీటికి లేదు. మోతాదు మించితే కలిగే హాని రెండు రకాలు. ఒకటి కణజాలం వేడెక్కడం, రెండోది నరాలు అనవసరంగా ప్రేరేపితం కావడం. ఆ మోతాదు దాటకుండా అంతర్జాతీయ నిపుణుల సంఘం ఐసీఎన్‌ఐఆర్‌పీ హద్దులు నిర్ణయించింది. సెల్ టవర్ల విషయంలో మన దేశం ఇంకాస్త గట్టిగా ఉంది. 2012 సెప్టెంబరు 1 నుంచి ఆ అంతర్జాతీయ హద్దులో పదో వంతునే అనుమతిస్తోంది. రేడియో తరంగాలను క్యాన్సర్ కారకాలు ‘కావచ్చేమో’ అనే 2బి వర్గంలో 2011లో చేర్చిన మాటా నిజమే. అందుబాటులో ఉన్న ఆధారాలు పరిమితమని ఆ వర్గానికి అర్థం. క్యాన్సర్ వస్తుందని తేలినట్లు కాదు. పైన చెప్పిన ప్రయోగ గదుల్లోనూ ఆ భద్రతా హద్దులను లెక్కలోకి తీసుకునే ఎన్ని వాట్లు పంపవచ్చో తేల్చారు.

అయితే ఇక్కడే ఒక కీలకమైన మెలిక ఉంది. ఆ హద్దులు మనిషి ఒంటిని దృష్టిలో పెట్టుకుని గీసినవి, ఒంట్లోని యంత్రాన్ని దృష్టిలో పెట్టుకుని కాదు. తమ ప్రమాణాలు పాటించినంత మాత్రాన పేస్‌మేకర్లు, డీఫిబ్రిలేటర్లు, కాక్లియర్ ఇంప్లాంట్ల పనికి అంతరాయం కలగదని చెప్పలేమని ఐసీఎన్‌ఐఆర్‌పీ 1998 నాటి తన మార్గదర్శకాల్లోనే స్పష్టంగా రాసింది. అంటే ‘అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం సురక్షితం’ అని డబ్బా మీద ముద్ర ఉంటే అది మీకూ నాకూ భరోసా. మాస్టారి పేస్‌మేకర్‌కు కాదు. ఆ ముద్ర ఎవరికి వర్తిస్తుందో ఏ దుకాణంలోనూ చెప్పరు.

పేస్‌మేకర్ ఇబ్బంది పడే తీరు రెండు రకాలు. కదలని అయస్కాంతాన్ని బాగా దగ్గరగా తెస్తే అది ‘ఇప్పుడు డాక్టరు పరీక్ష చేస్తున్నారు’ అనుకుని, గుండె అవసరంతో నిమిత్తం లేకుండా ఒకే వేగంతో కొట్టడం మొదలుపెడుతుంది. మేం పరీక్ష కోసం ఈ సదుపాయాన్నే వాడుకుంటాం. ఇక మారుతూ ఉండే క్షేత్రం బలంగా సోకితే, ఆ రొదనే గుండె చప్పుడుగా పొరబడి ‘గుండె తనంతట తాను కొట్టుకుంటోందిలే’ అని ఊరుకునే వీలుంది. గుండె పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడ్డవారికి ఆ కాసేపే కళ్లు తిరిగి పడిపోవడానికి చాలు. ప్రమాదకరమైన లయ వచ్చినప్పుడు షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అయితే, అయస్కాంతం దగ్గరున్నంతసేపు షాక్ ఇవ్వడం మానేస్తుంది. 2021 జనవరిలో అమెరికా వైద్యులు ఐఫోన్ 12ను ఐసీడీ ఉన్న రోగి ఛాతీ మీద ఉంచినప్పుడు సరిగ్గా ఇదే జరిగిందని వైద్య పత్రికలో రాశారు. వైర్‌లెస్ చార్జింగ్ కోసం ఆ ఫోన్ వెనక అయస్కాంతాలు అమర్చారు. ఆ ఏడాది మే నెలలో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఇలాంటి ఫోన్లను, స్మార్ట్ వాచీలను ఒంట్లోని పరికరానికి ఆరంగుళాల దూరంలో ఉంచుకోమని సలహా ఇచ్చింది.

ఈ ఆరంగుళాల్లోనే అసలు సంగతంతా ఉంది. కొత్త పేస్‌మేకర్లకు టైటానియం తొడుగు, అనవసర సంకేతాలను వడపోసే ఏర్పాటు ఉంటాయి. వాటికి తోడు మనం పాటించే దూరమే రక్ష. పలకకు దూరంగా జరగవచ్చు. పొయ్యికి దూరంగా నిలబడవచ్చు. గదే చార్జర్ అయిననాడు, ఆ గదిలో కూర్చున్న మనిషి దేనికి దూరంగా జరగాలి? నా బెంగ అదీ.

వైరు లేని కరెంటు మేలు చేసిన చోట్లు

అలాగని ఈ విద్యను శత్రువుగా చూడటం సబబు కాదు. 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి ప్రపంచంలోనే తొలిసారిగా ఒంటి లోపల పేస్‌మేకర్ అమర్చారు. ఆ పేస్‌మేకర్ బ్యాటరీని బయటి నుంచి, చర్మం మీదుగా, తీగ లేకుండానే చార్జి చేసేలా తయారుచేశారు. అది కొన్ని గంటలే పనిచేసింది. తర్వాత ఒకదాని తర్వాత ఒకటిగా ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుని ఆయన 86 ఏళ్లు బతికాడు. ఏళ్ల తరబడి వచ్చే లిథియం బ్యాటరీలు 1970లలో అందుబాటులోకి వచ్చాక బయటి చార్జింగ్ అవసరం తప్పింది.

మన ఇళ్లలో ఉన్న ఉదాహరణ కాక్లియర్ ఇంప్లాంట్. పుట్టు చెవుడున్న చిన్నారులకు ఆరోగ్యశ్రీ పథకం కింద ఈ ఆపరేషన్లు ఉచితంగా జరిగాయి. కృష్ణా జిల్లాలోనూ అలా మాటలు నేర్చిన పిల్లలున్నారు. ఆ బిడ్డ చెవి వెనక తలకు అతుక్కుని ఉండే చిన్న బిళ్ల మీరు చూసే ఉంటారు. చర్మం లోపలి భాగంలో బ్యాటరీ ఉండదు. బయటి బిళ్లే శబ్దాన్నీ కరెంటునూ కలిపి, చర్మం దాటించి లోపలికి పంపుతుంది. ఆ బిడ్డ ‘అమ్మా’ అన్న పిలుపు వింటున్నాడంటే అది వైరు లేని కరెంటు పుణ్యమే.

ఇంకో మేలు కూడా జరగవచ్చు. రిమోట్లు, ఆటబొమ్మలు, వెలిగే ప్రమిదల్లో వాడే రూపాయి బిళ్లంత లిథియం సెల్లు పసిపిల్లలకు ప్రాణాంతకం. మింగిన సెల్లు అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడి తగిలి క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపలి పొరను కాల్చడం మొదలుపెడుతుంది. సెల్లు ‘అయిపోయింది’ కదా అనుకోవద్దు, రిమోట్‌కు పనికిరాని సెల్లుకూ కాల్చేంత శక్తి ఉంటుంది. బిడ్డ చొంగ కారుస్తూ, అన్నం వద్దని ఏడుస్తుంటే జలుబేమోలే అని ఆగిపోకండి. మింగాడన్న అనుమానం వస్తే వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి బయల్దేరండి. వాంతి చేయించవద్దు. అన్నం, నీళ్లు పెట్టవద్దు. ఏడాది నిండిన బిడ్డ అయి, మింగి 12 గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషాలకోసారి రెండు చెంచాల చొప్పున తేనె ఇవ్వవచ్చు. ఆరుసార్లకు మించవద్దు. తేనె కోసం ప్రయాణం ఆపవద్దు. రేపు గదిలోని కరెంటుతోనే ఇలాంటి చిన్న వస్తువులు పనిచేసి, ఇంట్లో ఆ సెల్లే లేకుండా పోతే అంతకంటే కావాల్సిందేముంది?

నీళ్లొచ్చిన రాత్రి

అయితే అన్ని బ్యాటరీలూ పోవాలని నేను కోరుకోను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీలను ముంచెత్తడం మనమెవరం మరచిపోలేదు. నీళ్లలో కరెంటుతో ప్రాణాపాయమని సరఫరా నిలిపివేశారు. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. ఆ రోజుల్లో వైద్య శిబిరంలో పనిచేస్తుండగా ఒక తల్లి ఆరేళ్ల బాబును తీసుకొచ్చింది. కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్న బిడ్డ. ఒంట్లో ఏ జబ్బూ లేదు, కానీ ఎవర్నీ చూడకుండా తల్లి కొంగు పట్టుకుని కూర్చున్నాడు. ‘‘రెండో రోజుకు వాడి మిషన్ బ్యాటరీ అయిపోయిందండీ. పగలైతే నా పెదాలు చూసి అర్థం చేసుకునేవాడు. రాత్రి చీకట్లో నా మాటా వినపడదు, మొహమూ కనపడదు. మేం పక్కనే ఉన్నా ఒంటరిగా ఉన్నాననుకుని వణికిపోయాడు. తెల్లవార్లూ వాడి చెయ్యి నా బుగ్గ మీద పెట్టుకుని కూర్చున్నా’’ అందామె.

శిబిరంలో జనరేటర్ దగ్గర ఫోన్లు చార్జింగ్ పెట్టుకుంటున్నవాళ్లను జరగమని, ముందు ఆ బిడ్డ బ్యాటరీ పెట్టించాం. అది ఎక్కాక తల్లి పేరు పెట్టి పిలిచింది. వాడు తలతిప్పి చూశాడు. ఆ శిబిరంలో నేను చేసిన వైద్యాల్లో నాకు బాగా గుర్తున్నది అదే, అందులో మందే లేదు.

గది గోడలే కరెంటు ఇస్తాయి కదా అని పరికరాల్లో బ్యాటరీలు తీసేస్తే, సరఫరా ఆగిన క్షణంలో అన్నీ ఒక్కసారే ఆగుతాయి. తుపాన్లూ వరదలూ తప్పని డెల్టా మనది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన చూసిన నేల ఇది. బొమ్మల్లో సెల్లు పోవాలి. ఊపిరికీ, వినికిడికీ, గుండెకూ సాయపడే పరికరాల్లో మాత్రం బ్యాటరీ ఉండి తీరాలి.

అడగాల్సింది ఇప్పుడే

వైర్‌లెస్ చార్జర్, ఇండక్షన్ పొయ్యి, అయస్కాంతాలున్న ఫోను, ఏదైనా సరే, ఒంట్లో పరికరం ఉన్నవారు దానికి ఎంత దూరంలో ఉండాలో డబ్బా మీద తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే అక్షరాల్లో ముద్రించాలి. ఇప్పుడా మాట చీమ తలకాయంత అక్షరాల్లో, ఇంగ్లిషులో, ఎవరూ విప్పని పుస్తకంలో ఉంటోంది. రేపు గది మొత్తానికీ కరెంటు ఇచ్చే ఏర్పాట్లు వస్తే, పేస్‌మేకర్, ఐసీడీ, కాక్లియర్ ఇంప్లాంట్లతో విడిగా పరీక్షించాకే అమ్మకానికి అనుమతివ్వాలి. ఆసుపత్రులు, బస్టాండ్లు, బడుల్లాంటి చోట్ల పెడితే గుమ్మం ముందే బోర్డు ఉండాలి. వరద శిబిరాల్లో వైద్య పరికరాల చార్జింగ్‌కు విడిగా ఒక బల్ల కేటాయించాలి. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మా వైద్యుల వంతు కూడా ఉంది. పేస్‌మేకర్ వేసి పంపేటప్పుడు మందుల చీటీతోపాటు ఈ దూరాల చీటీ కూడా చేతికివ్వాలి. మాస్టారికి ఆ మాట ఎవరో ఒకరం ముందే చెప్పి ఉంటే ఆయన అన్ని రాత్రులు వసారాలో గడిపేవారు కాదు.

ఆయన్ను పంపేముందు ఫోను జేబులోంచి తీయించి, కుడి చేతికిచ్చాను. ‘‘మాస్టారూ, పలకను చూసి పారిపోనక్కర్లేదు. దీన్ని మాత్రం ఎడమ జేబులో పెట్టకండి’’ అన్నాను. ఆయన కాసేపు ఫోను వంక చూసి, ‘‘అయితే ఇన్నాళ్లూ దొంగను చంకలో పెట్టుకుని వీధంతా వెతికానన్నమాట’’ అని నవ్వారు. కోడలు ఆ రాత్రే పడక హాల్లో వేసిందని తర్వాత ఫోన్ చేసి చెప్పింది.

గుర్తుంచుకోండి

• పేస్‌మేకర్, ఐసీడీ ఉన్నవారు ఫోను, స్మార్ట్ వాచీ, అయస్కాంతపు కవర్లను ఆ పరికరానికి కనీసం ఆరంగుళాల దూరంలో ఉంచాలి. చొక్కా జేబులో ఫోను వద్దు. పరికరం ఉన్న వైపు చెవికి కాకుండా రెండో చెవి దగ్గర మాట్లాడాలి.

• వైర్‌లెస్ చార్జింగ్‌లో ఉన్న ఫోనుకు, పలకకు ఒక అడుగు దూరం పాటించాలి. దిండు పక్కన చార్జింగ్ పెట్టుకోవద్దు.

• ఇండక్షన్ పొయ్యికీ ఛాతీలోని పరికరానికీ మధ్య రెండడుగులు ఉండాలి. వెలుగుతున్న పొయ్యి మీదకు వంగి గిన్నె లోపలికి చూడవద్దు.

• కళ్లు తిరిగినా, గుండె దడగా అనిపించినా ముందు ఆ వస్తువుకు దూరంగా జరగండి. చాలాసార్లు పేస్‌మేకర్ మళ్లీ మామూలుగా పనిచేస్తుంది. ఆ తర్వాత డాక్టరుకు తప్పక చూపించుకోండి.

• కాక్లియర్ ఇంప్లాంట్, వినికిడి యంత్రం వాడేవారి ఇంట్లో వానాకాలం రాకముందే అదనపు బ్యాటరీలు, పవర్ బ్యాంకు, ఒక టార్చి కలిపి నీళ్లు చొరని సంచిలో పెట్టి, అందరికీ తెలిసిన చోట ఉంచండి.

• పేస్‌మేకర్ కార్డు ఎప్పుడూ దగ్గర ఉంచుకోండి. ఇంట్లోకి కొత్త వస్తువు కొనేముందు ఆ కంపెనీ పేరు, మోడల్ చెప్పి డాక్టరును అడగండి.